ఐదో తొట్టికి మూడో సాక్షి

8402వ పోటు

ఈ లోకంలో అన్నిటికంటే చిన్న జంతువు ఏది? మిమ్మల్నే అడుగుతున్నాను, చెప్పండి. చీమ అంటారా? నేను అడిగే దాని పక్కన చీమ ఏనుగు. దోమ అంటారా? దోమను చూడనివాడు ఈ కట్ట మీద ఎవడున్నాడు? నేను అడిగేది మీరు పుట్టిన దగ్గర్నుంచి మీ నీళ్ళకు కాపలా కాస్తున్నా ఒక్కసారి కూడా మీ కంట పడని జంతువు సంగతి. తెలియదనడానికి సిగ్గుపడకండి. పన్నెండేళ్ళు గొంతు చించుకుని బోధ చేసిన నాకే ఈ ఉదయం వరకు తెలియదు.

నా పేరు మట్టా జెకర్యా. నాలుగో లాకు బోధకుణ్ణి. నన్ను ఎవరూ అభిషేకించలేదు. నేను ఏ బడి మెట్లూ ఎక్కలేదు. మందు డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను, ఆ చదువుతోనే లేఖనం పట్టుకున్నాను. సముద్రం దివిసీమను మింగిన రోజున మావాళ్ళు కరకట్ట ఎక్కారు. అప్పటినుంచి కట్ట మీద, పాత కాలవ లాకుల దగ్గర, ఏడు ఊళ్ళుగా బతుకుతున్నాం. తేదీలు మాకు పనికిరాలేదు. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి వస్తుంది, ఆ పోట్లే లెక్కపెట్టుకుంటున్నాం. ఇది 8402వది.

మొదట్లో ఉప్పునీటిని మంచినీళ్ళుగా మార్చే యంత్రం ఉండేది. దాని లోపలి పొరలు చిరిగిపోయాయి, కొత్తవి రాలేదు. ఇప్పుడు ఆ ఇనప్పెట్టెలో కోళ్ళు పొదుగుతున్నాయి. మాకు మిగిలినవి ఐదు ఇసుక తొట్లు. గుంటలో పట్టిన వాననీళ్ళు పైన పోస్తే ఇసుకలోంచి నెమ్మదిగా దిగి కింద గొట్టంలోంచి వస్తాయి. అవే తాగుతాం.

ఇక నా పాపం రాస్తాను. నలభై పోట్ల కిందట, బాప్తిస్మాల ఆదివారం, గిన్నెను పైపైన తోమి లోపల మురికి దాచుకునేవాళ్ళను ప్రభువు గద్దించిన సంగతి ఎత్తుకుని ప్రసంగం చేశాను. చెయ్యి చాపి ఇసుక తొట్లను చూపించాను. ఇసుక మీద వేలెడు మందాన పచ్చగా, గోధుమరంగుగా జిగురు జిగురుగా పాచి పట్టి ఉంది. దేవుని పిల్లలు తాగే నీళ్ళ మీద ఆ మురికేమిటని అడిగాను. జనం ఏడ్చారు. నా ప్రసంగాల్లో అంతగా పండింది ఇంకొకటి లేదు. మర్నాడు ఆడా మగా పారలు పట్టుకుని పాచి గీకేశారు, ఇసుక కడిగి ఎండబోశారు, తెల్లగా మెరిసేదాన్ని తిరిగి తొట్లలో పోశారు. పాటలు పాడుతూ కడిగారు. ఆ పాట ఎత్తింది నేనే.

పదిహేను పోట్లు గడవకముందే ఊళ్ళో విరేచనాలు మొదలయ్యాయి. ఇప్పటికి యాభై ముగ్గురు మంచాన పడ్డారు. కొడమంచిలి యేసోబు కూతురు, ఏడు నెలల పిల్ల, చనిపోయింది. ఆ పిల్లను పూడ్చిన చోట ప్రార్థన చేసింది నేనే.

ఐదో తొట్టి ఒక్కటే కడగలేదు. దాన్ని చూసుకునే ముంగర తబిత అరవయ్యేళ్ళ మనిషి, ఒంటరిది, మొండిది. కడగడానికి వచ్చినవాళ్ళను పార ఎత్తి తరిమింది. ఊరి మీదికి ఈ తెగులు రావడానికి ఆ ఒక్క మురికి తొట్టే కారణమని నేను తేల్చుకున్నాను. ఆమెను గద్దించడానికి ఈ ఉదయం లేఖనం చంకన పెట్టుకుని వెళ్ళాను. నోరు తెరిచానో లేదో ఆమె నా మాటకు అడ్డం వచ్చింది.

"అన్నయ్యా, నా తొట్టి నీళ్ళు తాగేది తూర్పు వాడ. ఇల్లిల్లూ తిరిగి ఎంతమంది మంచాన పడ్డారో లెక్కపెట్టుకొని రా. అప్పుడు అరుద్దువుగానీ. నేనెక్కడికీ పోను."

వెళ్ళాను. నలభై రెండు ఇళ్ళు తిరిగాను. ఒక్కరు కూడా పడలేదు. ఒక ముసలాయనకు మోకాలి నొప్పి ఉంది, అది మన పాపం కాదన్నాడు.

తిరిగి వచ్చేసరికి తబిత గాజు పలక మీద ఒక చుక్క పాచినీళ్ళు వేసి ఉంచింది. పాత సెల్‌ఫోను కెమెరాలోంచి ఊడదీసిన అద్దం ఒకటి, కందిగింజంత ఉంటుంది, దాన్ని తగరపు రేకులో బిగించి తిరగేసింది. కన్ను ఆనించి ఎండకేసి చూడమంది. మొదట నా కనురెప్ప వెంట్రుకలే కనిపించాయి. తర్వాత ఏదో కదిలింది.

గాజులా పారదర్శకంగా ఉన్న చిన్న ప్రాణి. అడుగున కాలు ఒకటి, దాంతో పాచిని పట్టుకుని నిలబడింది. తల మీద రెండు చక్రాలు. అవి తిరుగుతున్నాయి! గిరగిరా తిరుగుతుంటే సుడి పుట్టి, చుట్టూ ఉన్న నలుసులన్నీ ఆ సుడిలో పడి దాని నోట్లోకి పోతున్నాయి. గొంతులో ఏదో నములుతున్నట్టు కదులుతోంది. దానికి నోరుంది, కడుపుంది, ఆకలి ఉంది. చెరలో ఉన్న జనం మధ్య నది ఒడ్డున ప్రవక్త చూసిన చక్రాలు నాకు గుర్తొచ్చాయి. జీవులు కదిలితే కదిలిన చక్రాలు, జీవుల ఆత్మ లోపల ఉన్న చక్రాలు. నేను వాటి మీద ఇరవైసార్లు బోధించి ఉంటాను. ఆకాశంలో వెతికాను. తొట్టిలో ఉన్నాయి.

ఆ మాటే తబితతో అన్నాను. ఆమె నవ్వింది. అవి చక్రాలు కావట, సన్నటి వెంట్రుకలట, ఒకదాని వెంట ఒకటి ఊగుతుంటే తిరుగుతున్నట్టు కనపడతాయట. వీటికి ఆమె పెట్టుకున్న పేరు మాత్రం చక్రాల పురుగులే. ఆవగింజ పక్కన వరసగా పడుకోబెడితే పదో పన్నెండో పడతాయి. వీటికంటే చిన్నవి కూడా ఉన్నాయని, చేప కండలో దాక్కునేవి ఇంకా బాగా చిన్నవని ఎప్పుడో చిరిగిన పుస్తకం కాగితంలో చదివిందట. ఉండొచ్చు. నా కన్ను చూడనిది నేను ఈ చిట్టాలో రాయను. నేను చూసిన జంతువుల్లో ఇదే అన్నిటికంటే చిన్నది.

"వానగుంటలో రోగం పుట్టించేవి ఇంకా చిన్నయ్యి ఉంటాయన్నయ్యా. ఇయ్యి వాటిని తింటాయి. మీరు గీకి పారేసింది మురికి కాదు. కాపలావాళ్ళని."

ఇంటికి నడిచి వస్తుంటే దారిలో నా ప్రసంగం నా చెవుల్లోనే మోగింది.

8405వ పోటు

నా భార్య ప్రిస్కిల్ల ఆరు రోజులుగా మంచాన ఉంది. మా ఇంటికి నీళ్ళు మొదటి తొట్టివి. కడిగిన తొట్లలో అన్నిటికంటే తెల్లగా మెరిసేది అదే. తబిత దగ్గర చూసినదంతా చెప్పాను. ఆమె పూర్తిగా విని, గోడవైపు తిరిగి, "అంటే నేను మీ ప్రసంగం తాగి పడుకున్నానన్నమాట," అంది.  ఐదో తొట్టి నుంచి బిందె మోసుకొచ్చాను. ఇంటి గుమ్మం దగ్గర ఒకసారి జారి సగం ఒలకబోశాను. లోపల్నుంచి ఆమె నవ్వు వినిపించింది. ఆరు రోజుల తర్వాత వినిపించిన మొదటి నవ్వు.

ఈ ఉదయం ఆరాధనలో నిలబడి ఒప్పుకున్నాను. నేను చెప్పింది తప్పు. తొట్లు కడిగించింది నేను. పిల్ల పోయింది నా మాట వల్ల. యేసోబు వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళనిమ్మన్నాను.

కొందరు అన్నారు: బోధకుడు తప్పు ఒప్పుకుంటే ఇక ఎవరి మాట నమ్మాలి? నేను అన్నాను: రాజు తప్పు చేస్తే దీర్ఘదర్శి ఇంటికొచ్చి వేలు చూపించాడు, రాజు ఒప్పుకున్నాడు, ఆ సంగతి లేఖనంలోనే రాసి ఉంచారు. దాచుకోవాలనుకుంటే అది రాసేవాళ్ళే కాదు.

8411వ పోటు

పై ఊళ్ళ పడవ వచ్చింది. రెండు నెలలకొకసారి వస్తుంది. ఈసారి బియ్యంతోపాటు నాలుగు డ్రమ్ముల బ్లీచింగ్ పౌడరు దించింది, దాంతోపాటు ఒక కాగితం: రోగం ఉన్న లాకులన్నీ తొట్లలో ఈ మందు పోసి శుద్ధి చెయ్యాలి.

మా కట్ట కమిటీకి పెద్ద సైకం భాస్కరం. ఒకప్పుడు పెద్ద వల వేసిన మనిషి, ఇప్పుడు కళ్ళు సరిగా ఆనవు, మందపాటి కళ్ళజోడు. చెడ్డవాడు కాదని ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఈ చిట్టాలో ముందు ముందు నేను ఆయనకు ఎదురు చెబుతాను. కమిటీ కూర్చుంది. ఐదు తొట్లలోనూ బ్లీచింగు పొయ్యాలని తీర్మానం. ఐదోది ఎందుకని నేను అడిగాను. రోగం ఎటునుంచి వస్తుందో తెలియనప్పుడు ఒక తలుపు తెరిచి ఉంచలేమన్నాడు. మనిషి భయపడుతున్నాడు. యాభై ముగ్గురి కోసం భయపడేవాణ్ణి నేను ఎట్లా తిట్టను?

తబిత మాత్రం కమిటీ ముందు నిలబడి అడగాల్సింది అడిగింది.

"పొయ్యొద్దని నేను అంటల్లా. కుండలో పొయ్యండి, చిటికెడు. తొట్టిలో పొయ్యమాకండి. ఇసుకలో పోస్తే ఆ పురుగులన్నీ చస్తాయి. నాలుగు డ్రమ్ములూ ఒక నెల వస్తాయి. తర్వాత నెల ఏం తాగుతారు?"

కుండకు ఎంత వెయ్యాలో ఇంటింటికీ ఎవరు నేర్పుతారని భాస్కరం అడిగాడు. నిరుడు మూడో లాకులో ఒకామె లెక్క తప్పి పోస్తే పిల్లవాడి గొంతు కాలింది. అదీ నిజమే.

తబిత అప్పుడు తోడు సంగతి చెప్పింది. పెరుగు తోడుకోవాలంటే పాత పెరుగు ఒక చెంచా కావాలి. ఐదో తొట్టి పాచి అట్లాంటిదే. దోసెడు తీసి కడిగిన నాలుగు తొట్లలో వేసి, మెల్లగా నీళ్ళు పెడుతూ ముప్పై నలభై పోట్లు ఓపిక పడితే అవి మళ్ళీ పేరుకుంటాయి. ఐదోది చంపేస్తే తోడు ఉండదు. తోడు లేని ఇల్లు పక్కింటికి వెళ్ళి అడుగుతుంది. మనం ఎవరి గుమ్మం ముందు నిలబడాలి?

కమిటీలో ఒకాయన, నాచు కోసం ఇంత రాద్ధాంతమా అని విసుక్కున్నాడు. తీర్మానం తీర్మానమే. 8424వ పోటు వచ్చి, నీరు వెనక్కి తీయడం మొదలైన వెంటనే డ్రమ్ములు విప్పాలి.

నేను లేచాను. ఈ లాకులో ఏ జాతి జంతువునైనా మొత్తంగా చంపాలంటే కమిటీ చాలదు, ఏడు లాకుల సభ కూర్చోవాలి, ఆ సంగతి మర్చిపోయారా అని అడిగాను. అది పట్టీలో పేరున్న జంతువులకు, అన్నాడు భాస్కరం. పాచిలో పురుగుకు పట్టీలో పేరెక్కడుంది?

ఆయన అన్నది సరైన మాట. దానికీ బాధ్యుణ్ణి నేనే. ఎందుకో రాస్తాను.

కట్ట ఎక్కిన మొదటి ఏడాది, మనుషులతోపాటు ఎక్కిన ప్రాణుల కోసం ఒక పట్టీ పెట్టుకున్నాం. మేకలు, బాతులు, పిల్లులు, ఒక్క గేదె. జలప్రళయంలో ఓడ తలుపు దగ్గర ప్రతి జతనూ చూసే లోపలికి పంపి ఉంటారని నేను బోధించాను, దాని మీదే పట్టీ నియమం రాశాను. పట్టీలో పేరుంటే ఆ ప్రాణికి నీళ్ళ వాటా ఉంటుంది, ఆ జాతి జోలికి పోకూడదు. పేరెక్కాలంటే దాన్ని సభ ముందు అరచేతిలో పెట్టో, తాడు పట్టుకునో చూపించాలి. ముగ్గురు కంటితో చూసి "ఉంది" అనాలి. అప్పట్లోనే ఆరు ఇళ్ళవాళ్ళు లేని మేకలకు నీళ్ళు తీసుకుంటూ దొరికిపోయారు. అందులో ఒక మేకకు పేరు కూడా పెట్టారు. అందుకని నేనే ఇంకో మాట చేర్చాను: మూడో సాక్షి వేరే లాకు మనిషై ఉండాలి.

నా చేతిరాత. నేను కట్టిన తలుపు. ఇప్పుడు అన్నిటికంటే చిన్న జంతువును ఆ తలుపులోంచి లోపలికి తీసుకెళ్ళాలి.

8418వ పోటు

సభ. మా లాకువాళ్ళం మాత్రమే, గేటు పక్కన ఎండ బాగా పడే చోట. తబిత అరచేతిలో చుక్క నీళ్ళు పట్టుకుని వచ్చింది. చేతిలో ఏమీ లేదని వెనకనుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు. ఆమె వాళ్ళవైపు చూడలేదు. చుక్కను గాజు పలక మీదికి వంచి, అద్దం బిగించి, తిన్నెమీద పెట్టింది.

పట్టీలో కంటితో అని ఉంది, అద్దంతో అని లేదు, అన్నాడు భాస్కరం. నాకు కావలసింది ఆ మాటే.

"పెద్దాయనా, ఒక్క నిమిషం ఆ కళ్ళజోడు తీయండి," అన్నాను. తీశాడు. కట్ట చివర ఏముందో చెప్పమన్నాను. కళ్ళు చిట్లించి చాలాసేపు చూసి, నల్లకోడి, రెక్కలు విప్పుకొని ఉంది, అన్నాడు.

"అది మీ ఆవిడ ఎండేసిన గొడుగు."

ఈసారి నవ్వులో ఆయన భార్య కూడా ఉంది. నేను నవ్వలేదు. "పోయినేడు మీరు ఇదే కళ్ళజోడు పెట్టుకుని పన్నెండు మేకలకు సాక్ష్యం చెప్పారు. అవి పట్టీలో ఉన్నాయి, నీళ్ళు తాగుతున్నాయి. మీ ముక్కు మీది అద్దం కన్నే అయితే తబిత చేతిలోది కూడా కన్నే. కాదంటే ఆ పన్నెండు మేకలను కొట్టేయండి. వాటిలో నా మేక ఒక్కటే కాదు, మీవీ మూడున్నాయి."

 కమిటీవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఎవరైనా కాదంటారేమోనని ఎదురుచూశాను. అప్పుడు వెనకనుంచి జనాన్ని తోసుకుంటూ యేసోబు వచ్చాడు. కూతుర్ని పూడ్చి ముప్పై పోట్లు కాలేదు. నా మొహం చూడలేదు. తబిత దగ్గరికి వెళ్ళాడు.

"మా ఇంటి నీళ్ళల్లో ఇయ్యి లేవు గదా పిన్నీ?"

లేవంది తబిత.  యేసోబు వంగి అద్దానికి కన్ను ఆనించాడు. ఎంతసేపో. నిటారుగా నిలబడినప్పుడు కంటి చుట్టూ తగరపు రేకు గుండ్రంగా అచ్చు పడి ఉంది.

"ఉంది. రాసుకోండి," అన్నాడు. వెళ్ళిపోయాడు.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. భాస్కరం కళ్ళజోడు జేబులో పెట్టుకుని తనే వచ్చి వంగాడు. అద్దం సరిగా కుదరక తబిత ఆయన తల పట్టుకుని పక్కకు తిప్పింది. మొదట ఏమీ లేదన్నాడు. తర్వాత ఆగాడు. ఆయన నోరు కొంచెం తెరుచుకోవడం నేను చూశాను. నలభై ఏళ్ళు సముద్రంలో బతికిన మనిషి, అన్ని రకాల చేపలూ చూసిన మనిషి.

"తింటంది," అన్నాడు మెల్లగా. "ఓరినీ. తింటంది, జెకర్యా." లేచి, కళ్ళజోడు పెట్టుకుని, సభవైపు తిరిగి గట్టిగా చెప్పాడు: "ఉంది."

ఇద్దరు అయ్యారు. నేను ప్రభువును స్తుతించడానికి చేతులెత్తాను. భాస్కరం నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. నియమం నువ్వు రాసిందే, మూడో మనిషి వేరే లాకు వాడు కావాలి, అన్నాడు. ఇద్దరి మాట మీద నేను తీర్మానం ఆపితే, రేపు కమిటీ ఇద్దరి మాట మీద ఎవరి మేకలనైనా కొట్టేస్తుంది. 8424 లోపు మూడో సాక్షిని తీసుకురా, డ్రమ్ములు నేనే వెనక్కి దొర్లిస్తాను. తీసుకురాలేకపోతే విప్పేది కూడా నేనే.

కోపం వచ్చింది. ఆయన మీద కాదు. పన్నెండేళ్ళ కిందట ఆ మాట చేర్చిన నా చేతి మీద.

8421వ పోటు

ఐదో లాకు నుంచి ఉప్పు పడవ వచ్చింది. నడిపే మనిషి బలుసు రంగనాథం నాకు బాగా తెలుసు, నా బోధకు రెండుసార్లు వచ్చాడు. తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాను. చూశాడు. కనపడింది, అన్నాడు. ఆ మాటే సభలో చెప్పమన్నాను. తల అడ్డంగా ఊపాడు.

వాళ్ళ లాకులో కూడా తొట్లు కడుగుతున్నారట. ఎందుకు కడుగుతున్నారని అడిగాను. నావైపు వింతగా చూశాడు.

"మీ ప్రసంగమే కదయ్యా. ఎవరో రాసుకొచ్చారు. ఆదివారం చదివారు. జనం ఏడ్చారు. ఇప్పుడు నేను పోయి, ఆ బోధకుడే ఇప్పుడు పాచి ఉండాలంటున్నాడంట అంటే నన్ను ఊళ్ళో ఉండనిస్తారా?"

ఉప్పు బస్తాలు దించి వెళ్ళిపోయాడు. అతని పడవ చిన్నదై చుక్కగా మారేవరకూ చూస్తూ నిలబడ్డాను.

నా ప్రసంగం నాకంటే ముందు కట్ట మీద పరిగెడుతోంది. అది అందంగా ఉంది. అందంగా ఉండటమే దాని పాపం. ఇప్పుడు ఈ చిట్టాను దాని వెనక తరమాలి. ఈ మధ్యాహ్నమంతా కూర్చుని ఆరు ప్రతులు రాయడం మొదలుపెట్టాను. ప్రిస్కిల్ల లేచి కూర్చుంది, మూడు ప్రతులు ఆమె రాసింది. ఆమె చేతిరాత నాదానికంటే బాగుంటుంది, ఆ సంగతి ఇందులో రాస్తేగాని కలం ఇవ్వనంది. రాశాను. ఆమె లేవడానికి ఐదో తొట్టి నీళ్ళే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. మిగతా ఏ తొట్టి నీళ్ళు తాగినవాళ్ళు లేవలేదని మాత్రం చెప్పగలను.

8424వ పోటు

ఇది మీ చేతికి వచ్చేసరికి సముద్రం పోటు మీద ఉంటుంది. దూరపు లాకులకు నాలుగు ప్రతులు పట్టుకుని పోయిన పోటుకే పడవలు బయల్దేరాయి. ఈ చివరి ముక్క మూడో లాకుకు వెళ్ళే ప్రతికీ ఐదో లాకుకు వెళ్ళే ప్రతికీ అంటిస్తున్నాను. ఆ రెండు ఊళ్ళే దగ్గర. పోటు మీద తెడ్డు వేస్తే గంట లోపు వస్తారు.

ఉదయం నుంచి తబితా నేనూ ఐదో తొట్టికి పలకల మూత వేసి, దాని మీదే కూర్చున్నాం. నేను దిగనని చెప్పాను. బోధకుడు చట్టం తప్పుతున్నాడన్నారు. తప్పడం లేదు, కూర్చున్నాను, అన్నాను. సింహాల గుంటలోకి దించినప్పుడు ఆ భక్తుడు ఏం చేశాడు? కూర్చున్నాడు. కింద డ్రమ్ములు వరసగా పెట్టి ఉన్నాయి. భాస్కరం ఒక డ్రమ్ము మీదే కూర్చుని కట్ట రెండువైపులా చూస్తున్నాడు. ఆ మనిషికి ఏ పడవ కనపడినా గొడుగులాగే కనపడుతుంది, అయినా చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి అడిగాడు, వస్తారంటావా అని. నేను వస్తారన్నాను. తబిత పక్కకు జరిగి, మూత పలక ఒకటి కొద్దిగా ఎత్తి, ఎండ తగలకుండా చీర కొంగు అడ్డం పెట్టి లోపలికి చూసుకుంది.

పట్టీలో ఇప్పుడు ఇట్లా ఉంది: 213, చక్రాల పురుగు. చూసినవారు: కొడమంచిలి యేసోబు. సైకం భాస్కరం. దాని కింద ఒక గీత ఖాళీగా ఉంది.

ఇప్పుడు మీతో మాట్లాడతాను, అవును, ఇది చదువుతున్న మీతోనే. మీ లాకులో ఎవరైనా పారలు పట్టుకుని తొట్టి దగ్గర నిలబడితే ఈ కాగితం వాళ్ళ మొహం ముందు పెట్టండి. ఆ ప్రసంగం చేసినవాడే అది అబద్ధమంటున్నాడని చెప్పండి. గీకకండి. ఒక్క పొర కూడా గీకకండి. ఇప్పటికే కడిగేసి ఉంటే ఏడుస్తూ కూర్చోకండి. మూత ఉన్న చిన్న గిన్నె తెచ్చుకోండి, తబిత దోసెడు పాచి ఇస్తుంది, తోడు వేసుకోండి. ఉన్నంతవరకు ఇస్తుంది. తొట్టి బతికి ఉంటేనే ఇస్తుంది.

మా చూపు మమ్మల్నే మోసం చేసిందని మీరు అనుకోవచ్చు. అనుకోండి. వచ్చి మీ కంటితో చూసి, లేదంటే లేదనండి. నేను అడ్డం రాను, మూత మీదనుంచి నేనే దిగుతాను. పిచ్చుక నేల మీద పడితే ఆ సంగతి తండ్రికి తెలుస్తుందని నమ్మిన మనం, పిచ్చుకకంటే చిన్నదాని దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కళ్ళు మూసుకోవాలి? అది మన కోసం పుట్టిన దగ్గర్నుంచి చక్రం తిప్పుతూనే ఉంది. ఒక్క పూట మన కన్ను అడుగుతోంది.

రేపు వద్దు. రేపటికి ఇక్కడ తెల్లటి ఇసుక ఉంటుంది, చాలా అందంగా ఉంటుంది. తెడ్డు గోడకు ఆనించి ఉంటే అందుకోండి. వంట పొయ్యి మీద ఉంటే దించండి. మీలో ఎవరైనా సరే, ముసలైనా పడుచైనా, చదువు ఉన్నా లేకున్నా, ఒక్కరు చాలు. నీరు తీయడం మొదలయ్యేలోగా నాలుగో లాకుకు రండి. వంగండి. కన్ను ఆనించండి. కదిలింది కనపడగానే అందరికీ వినపడేలా ఆ ఒక్క మాట అనండి.

పడవ విప్పండి. ఇప్పుడే.